పది నిమిషాలు నడిచి ఆగిపోతున్న 15 హెచ్‌పీ ఔట్‌బోర్డు మోటారు, కార్బురేటరు రెండుసార్లు విప్పినా అదే గొడవ

భీములవారిపాలెం పడవ

అన్నలందరికీ నమస్కారం. మాది తడ దగ్గర. పులికాట్‌లో భీములవారిపాలెం రేవు నుంచి ఇరకం దీవికి మా మామ ఫైబర్ పడవ నడుపుతాడు. నేను తిరుపతిలో పని చేస్తూ శని, ఆదివారాలు వెళ్ళి సాయంగా ఉంటాను. మోటారు పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డుది, టూస్ట్రోక్, 15 హెచ్‌పీ, పెట్రోలుది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. 24 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పడవలోనే పెడతాం, దాన్నుంచి రబ్బరు పైపు, మధ్యలో పెట్రోలు ఇంజినుకు ఎక్కించడానికి చేత్తో నొక్కే రబ్బరు బల్బు. ఆయిలు లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన కలుపుతాం, దాంట్లో ఎప్పుడూ తేడా రానివ్వం.

రేవులో తాడు లాగితే రెండో లాగుడుకే స్టార్ట్ అవుతుంది. పది, పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా పోతుంది. తర్వాత ఉన్నట్టుండి బలం తగ్గిపోతుంది, ఆగిపోతుంది. ఐదారు నిమిషాలు ఊరుకుని బల్బు నొక్కి మళ్ళీ లాగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది, మళ్ళీ కాసేపటికి అదే కథ.

పోయిన ఆదివారం సాయంత్రం ఇరకం నుంచి వస్తుంటే నడిమధ్యలో ఆగింది. పడవలో ఎనిమిది మంది ఉన్నాం, అందులో ఒకామె జ్వరంతో ఉన్న పిల్లను సూళ్ళూరుపేట ఆసుపత్రికి తీసుకెళ్తోంది. నీళ్ళు అక్కడ నడుం లోతే కాబట్టి గెడ వేసి తోసుకుంటూ, మధ్యమధ్య మోటారు లాగుతూ చీకటి పడ్డాక ఒడ్డుకు చేరాం. ఆ తల్లి ఒక్క మాట కూడా అనలేదు గానీ ఆమె ముఖం చూస్తుంటే నాకు చాలా బాధేసింది. దీవిలో వాళ్ళకు పడవ తప్ప దారి లేదు.

ఇప్పటిదాకా ప్లగ్గులు మార్చాం. మాకు దగ్గర్లో ఉన్న మెకానిక్ కార్బురేటరు రెండుసార్లు విప్పి కడిగాడు. రెండుసార్లూ రెండు రోజులు బాగుంది అనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఆయన బోరు (పిస్టను ఆడే గొట్టం) అరిగిపోయింది, ఇంజిను మొత్తం విప్పాలి, ఇరవై వేలు పైనే అవుతుంది అంటున్నాడు. మామకు టెన్షన్ పట్టుకుంది. డబ్బు పెట్టేముందు ఇంకేమైనా చూడాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట ఇంజిన్ పని

తమ్ముడూ, బోరుకు ఇంకా ఒప్పుకోవద్దు. బోరు అరిగిన ఇంజిను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికే ఏడిపిస్తుంది, రెండో లాగుడుకే లేచి పది నిమిషాలు పూర్తి బలంతో పోదు. మూడు సంగతులు చెప్పు. ఆగేటప్పుడు స్విచ్ ఆపినట్టు టక్కున ఆగుతోందా, లేక దగ్గుతూ, తగ్గుతూ, మళ్ళీ ఒకసారి లేచి ఆగుతోందా? ఆగిన క్షణంలో బల్బును పట్టుకుంటే గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, లోపలికి పీక్కుపోయి చదునుగా ఉందా? మూడోది, ట్యాంకు నిండా ఉన్నప్పుడు ముందు ఆగుతోందా, సగం ఉన్నప్పుడు ముందు ఆగుతోందా? ఈ మూడోది మామను అడుగు, రోజూ నడిపే మనిషికి తెలిసే ఉంటుంది.

తూపిలిపాలెం తీరం

నాకు ఇట్లాంటిదే వచ్చింది, అది పెట్రోలు సంగతి కాదు, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిలు. వేడెక్కితే కాయిలు లోపల తెగి కరెంటు పోతుంది, చల్లారితే మళ్ళీ పని చేస్తుంది. నేను కూడా పైపులు, కార్బురేటరు అంటూ తిరిగి చివరికి కాయిలు మారిస్తే పోయింది. ఐదు నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతోందంటే నాకు అదే అనుమానం. ఆగిన వెంటనే ఒక ప్లగ్గు విప్పి, టోపీలో పెట్టి, ఇంజిను ఇనుముకు ఆనించి తాడు లాగి చూడండి, నీలంగా నిప్పు పడుతోందో లేదో. ప్లగ్గు రంధ్రం దగ్గర, ట్యాంకు దగ్గర మాత్రం ఆ పని చేయొద్దు, పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది.

భీములవారిపాలెం పడవ

ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. మామకు ఫోన్ చేసి అడిగాను. టక్కున ఆగదు, దగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది, ఒక్కోసారి మధ్యలో రెండు క్షణాలు రివ్వున లేచి మరీ ఆగుతుంది అన్నాడు. బల్బు సంగతి మేమెప్పుడూ గమనించలేదు, ఎట్లాగూ నొక్కి స్టార్ట్ చేస్తాం గాబట్టి. అయితే ఒకసారి అది పిసికినట్టు చదునుగా ఉండటం చూశానని, పాతదైపోయిందేమో అనుకున్నానని చెప్పాడు.

ట్యాంకు గురించి అడిగితే నాకే ఆశ్చర్యమేసింది. నిండా పోసుకుని బయల్దేరితే ఏడెనిమిది నిమిషాలకే ఆగుతుందట, సగం ఉంటే దాదాపు ఇరకం దాకా లాగుతుందట. ఈమధ్య నిండా పోయడమే మానేశాడట, ఎందుకో తెలియదు గానీ తక్కువ ఉంటేనే బాగా పోతోందని. దీనికి అర్థం ఏంది?

రేణిగుంట ఇంజిన్ పని

మీ మామ సగం రోగం తానే కనిపెట్టాడు. ఇది కాయిలు కాదు. తూపిలిపాలెం అన్న చెప్పింది నిజమే, వేడికి కాయిలు పోవడం నేనూ చూశాను, కానీ కాయిలు పోతే ఇంజిను టక్కున ఆగుతుంది, అట్లా దగ్గదు, దానికి ట్యాంకు నిండా ఉందా సగం ఉందా అనే పట్టింపు ఉండదు. చివర్లో రివ్వున లేచిందన్నావు చూడు, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనప్పుడు అట్లా ఒకసారి లేస్తుంది. అది అందాల్సిన పెట్రోలు అందడం లేదని చెప్పే గుర్తు.

ట్యాంకు మూత మీద చిన్న స్క్రూ ఉంటుంది, గాలి లోపలికి పోవడానికి. పెట్రోలు బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకులో గాలి పలచబడి లోపలికి గుంజుతుంది, ఇంజిను మీదున్న చిన్న పంపుకు ఆ గుంజుడు మీద పెట్రోలు లాగే శక్తి ఉండదు. ఇప్పుడు నిండా, సగం లెక్క చూడు. ట్యాంకు నిండా ఉంటే పైన రెండు లీటర్ల గాలి ఉందనుకుందాం, అందులోంచి అర లీటరు పెట్రోలు పోతే ఆ రెండు లీటర్ల గాలే రెండున్నర లీటర్ల చోటును నింపాలి, అంటే ఒత్తిడి ఐదో వంతు పడిపోతుంది. సగం ట్యాంకులో 12 లీటర్ల గాలి ఉంటుంది, అదే అర లీటరు పోతే ఒత్తిడి పాతికో వంతే తగ్గుతుంది. అందుకే సగం ఉంటే ఎక్కువ సేపు లాగుతోంది. 15 హెచ్‌పీ టూస్ట్రోక్ ఫుల్ మీద గంటకు ఆరేడు లీటర్లు తాగుతుంది, అర లీటరు పోవడానికి ఐదు నిమిషాలు చాలు. మీ ఏడెనిమిది నిమిషాలకు ఈ లెక్క దగ్గరగా ఉంది.

ఆపి కాసేపు ఊరుకుంటే మూత సందుల్లోంచి మెల్లగా గాలి పోయి సర్దుకుంటుంది, మళ్ళీ స్టార్ట్. కార్బురేటరు కడిగిన రెండు రోజులు ఎందుకు బాగుందంటావేమో, మెకానిక్ దగ్గర ట్యాంకు మూత తీసి పెట్టి ఉంటారు, లేదా తక్కువ పెట్రోలుతో చూసి ఉంటారు. నా అనుభవంలో ఔట్‌బోర్డుకు పెట్రోలు అందకపోతే ముందు ట్యాంకు నుంచి మొదలుపెట్టి ఇంజిను వైపు రావాలి. మన దగ్గర అందరూ కార్బురేటరు నుంచి మొదలుపెడతారు, దానివల్ల డబ్బూ పోతుంది, బాగున్న స్క్రూలు, జెట్లూ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) పాడవుతాయి.

ఈ శనివారం ఇట్లా చెయ్. ట్యాంకు నిండా పోసి రేవు దగ్గరే, ఒడ్డు పక్కనే తిప్పు, జనం లేకుండా. బలం తగ్గడం మొదలవగానే ఒకరు బల్బు చూడాలి. చదునుగా పీక్కుపోయి ఉంటే అడ్డం బల్బుకు ముందు ఉంది, అంటే ట్యాంకు గాలి రంధ్రం, ట్యాంకు అడుగున జల్లెడ, లేదా ట్యాంకు నుంచి బల్బు దాకా ఉన్న పైపు. బల్బు రాయిలా గట్టిగా ఉండి ఇంజిను ఆగుతుంటే అడ్డం బల్బు తర్వాత ఉంది, అంటే ఫిల్టరు, పంపు, కార్బురేటరు. మెత్తగా ఉండి నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బులో ఉన్న వాల్వులు పోయాయి. బల్బు నొక్కేటప్పుడు దాని మీద బాణం గుర్తు ఇంజిను వైపు, పైకి ఉండేట్టు నిలువుగా పట్టుకోవాలి, పడుకోబెట్టి నొక్కితే వాల్వు సరిగ్గా కూర్చోదు, బల్బు పాడైందని అనవసరంగా అనుకుంటారు.

ఇంజిను పూర్తిగా ఆపేసి, బీడీ, నిప్పు దగ్గర లేకుండా, ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పు. ఉస్సుమని గాలి లోపలికి పోయిన శబ్దం వస్తే దొంగ దొరికినట్టే.

తూపిలిపాలెం తీరం

రేణిగుంట అన్నా, మీరు చెప్పింది విన్నాక ఒప్పుకుంటున్నా, కాయిలు టక్కునే ఆపింది నాకు కూడా. తమ్ముడూ, ఒక్క మాట. స్క్రూ తిప్పి ఉంది కదా అని వదిలేయొద్దు, తిప్పి ఉన్నా కింద రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. మా వాళ్ళలో ఒకరి ట్యాంకులో మట్టిగూడు కట్టే కందిరీగ ఆ చిన్న సందులో గూడు పెట్టింది, ఎన్ని రోజులు వెతికామో.

భీములవారిపాలెం పడవ

శనివారం పొద్దున చేశాం. నిండా పోసి, నేనూ మామా ఇద్దరమే రేవు దగ్గర తిప్పాం. తొమ్మిదో నిమిషంలో దగ్గడం మొదలైంది, నేను బల్బు పట్టుకున్నా. అన్నా, చపాతీలా చదునుగా పీక్కుపోయి ఉంది. ఆపి, కాసేపు నిప్పేమీ లేదని చూసుకుని మూత విప్పితే ఉస్సుమని ఎంత గట్టిగా శబ్దం వచ్చిందంటే మామ పక్కకు తిరిగి చూశాడు. ట్యాంకు పక్కలు కూడా లోపలికి గుంజుకుని ఉన్నాయి, మూత తీయగానే పొంగి మామూలుగా అయ్యాయి. ఇన్నాళ్ళూ ఎండకు అట్లా వంగిపోయిందనుకున్నాం.

స్క్రూ పూర్తిగా తిప్పే ఉంది. కానీ విప్పి చూస్తే కింద రంధ్రంలో ఉప్పు పేరుకుని గట్టిగా రాయిలా అయిపోయింది. మా నీళ్ళు ఉప్పువి కదా, తడి చేత్తో మూత తీయడం, పెట్టడం, అదంతా లోపలికి పోయింది. మంచినీళ్ళతో నానబెట్టి సన్నటి తీగతో తీశాం, పూర్తిగా ఆరబెట్టి నోటితో ఊది చూస్తే గాలి పోతోంది.

తర్వాత నలభై నిమిషాలు ఆపకుండా నడిపాం, ఒక్కసారి కూడా ఆగలేదు. మామ ముఖం చూడాలి మీరు. అయితే ఒక చిన్న సంగతి మిగిలింది. ఫుల్ మీద పోతుంటే రెండు మూడుసార్లు కొంచెం గొణిగినట్టు తగ్గి మళ్ళీ అందుకుంది. ఆగలేదు. ఇది వదిలేయొచ్చా?

వాకాడు వల

వదిలేయొద్దు. జనాన్ని ఎక్కించుకునే పడవ మరి. ఇట్లా గొణిగి అందుకోవడం ఎక్కువగా గాలి బుడగల వల్ల. మీ పైపు ఇంజినుకు తగిలించే కనెక్టరులో చిన్న రబ్బరు ఓ-రింగు ఉంటుంది, అది గట్టిపడితే పెట్రోలు బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది, ఎందుకంటే అక్కడ ఇంజిను లాగుతోంది, తోయడం లేదు. అందుకే కారడం లేదు కాబట్టి బాగుందనుకుని మోసపోతాం. కనెక్టరు దగ్గర కాస్త సోప్ నీళ్ళు పూసి బల్బు నొక్కితే బయటికి కారే చోటు తెలుస్తుంది గానీ లోపలికి పీల్చే చోటు దాంతో దొరకదు. దానికి పెట్రోలుకు తట్టుకునే పారదర్శకమైన పైపు ఒక జానెడు ముక్క ఇంజిను కనెక్టరుకు, పంపుకు మధ్య పెట్టి, నడుస్తున్నప్పుడు చూడాలి. బుడగలు కనిపిస్తే పైనుంచి ఒక్కో జాయింటు బిగిస్తూ, మారుస్తూ రావాలి. చూశాక ఆ ముక్క తీసేయండి, ఎండకు అది పగులుతుంది, పర్మనెంటుగా పెట్టేది కాదు.

పైపు కొత్తది వేయాల్సి వస్తే మోటార్‌సైకిల్ షాపులో దొరికే సన్నపైపు వేయొద్దు. మోటారుతో వచ్చిన పైపు లోపలి రంధ్రం ఎంతో అంతే ఉండాలి, ఔట్‌బోర్డు పైపే ఉండాలి. పాత పైపులు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల పొర ఊడి నాలుకలా వేలాడుతుంది, లాగినప్పుడు అది అడ్డం పడుతుంది, ఆపితే మళ్ళీ పక్కకు పోతుంది. రెండు చివర్లూ విప్పి లోపలికి టార్చి వేసి చూడండి.

మాకు ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, 61 రోజులు మోటార్లు ఒడ్డునే ఉంటాయి. జూన్ 15న దింపితే మా ఊళ్ళో సగం మోటార్లు ఏడుస్తాయి, కారణం లోపల మిగిలిన పెట్రోలు ఆవిరై, మిగిలిన ఆయిలు జిగురు జెట్లను మూసేయడం. నేను నిషేధానికి ముందు రోజు డ్రమ్ములో నీళ్ళు పోసి మోటారు అందులో దించి, పైపు కనెక్టరు తీసేసి కార్బురేటరులో ఉన్నది అయిపోయి దానంతట అదే ఆగేదాకా నడుపుతాను. నీళ్ళు లేకుండా మాత్రం నడపకూడదు, ఇంజిను చల్లబడటానికి నీళ్ళు తోడే కింద రబ్బరు ఇంపెల్లరు మాడిపోతుంది.

నాయుడుపేట చెరువు

మాది ఫోర్‌స్ట్రోక్ 9.9, చెరువు వేలంలో తీసుకుని చేపలు పట్టేదానికి. మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మూడు నెలల కింద తెచ్చిన పెట్రోలు పది లీటర్లు ఉంది, ఇప్పుడు బంకులో వచ్చేదంతా 20 శాతం ఇథనాల్ కలిసినదే కదా, అది వాడొచ్చా? ఇంకోటి, ఈమధ్య ఇంజిన్ ఆయిలు కొలకర్ర మీద కొంచెం పైకి చూపిస్తోంది, పెట్రోలు వాసన కూడా వస్తోంది. పోయకుండానే ఆయిలు ఎట్లా పెరుగుతుంది?

రేణిగుంట ఇంజిన్ పని

నాయుడుపేట అన్నా, ముందు రెండోదానికి జవాబు. మోటారు నడపడం వెంటనే ఆపండి. ఫోర్‌స్ట్రోక్ కార్బురేటరు మోటార్లలో పెట్రోలు పంపును క్యాంషాఫ్టు ఊపుతుంది, మధ్యలో రబ్బరు డయాఫ్రం ఒక్కటే అడ్డం. అది చిరిగితే పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది, ఆయిలు పలచబడి బేరింగులు పోతాయి. కార్బురేటరు సూది సరిగ్గా మూయకపోయినా పెట్రోలు కిందికి దిగొచ్చు, రెండూ చూపించండి. డయాఫ్రం కిట్టు మార్చి ఆయిలు పూర్తిగా తీసి కొత్తది పోయండి. ఇంజిను బాగు చేసే ఖర్చు ముందు కిట్టు ఖర్చు లెక్కలోకే రాదు.

పెట్రోలు సంగతి, గాజు సీసాలో కొంచెం పోసి రాత్రంతా కదపకుండా పెట్టండి. పొద్దున రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తే పారేయాల్సిందే. ఇథనాల్ గాల్లో తేమను పట్టేస్తుంది, ఒక హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. పారేయడం అంటే చెరువు గట్టున పోయొద్దు, నేలమీద పోయొద్దు, గ్యారేజీలో పాత ఆయిలు సేకరించే చోట ఇవ్వండి.

భీములవారిపాలెం తమ్ముడూ, ఇది నీకు ఇంకా ముఖ్యం, అందుకే ఇక్కడే చెబుతున్నా. మీది ఆయిలు కలిపిన పెట్రోలు. విడిపోయినప్పుడు మీరు కలిపిన టూస్ట్రోక్ ఆయిలు పైన పెట్రోలుతో ఉండిపోతుంది, అడుగున చేరిన నీళ్ళ ఇథనాల్‌లో ఆయిలు దాదాపు ఉండదు. ట్యాంకు పైపు లాగేది అడుగునుంచి. అంటే ఇంజినుకు ఆయిలు లేకుండా పోతుంది, పిస్టను అంటుకుపోతుంది. లీటరుకు 20 మిల్లీలీటర్లు ఎంత కచ్చితంగా కలిపినా దానికి లాభం ఉండదు. వానాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ వైపు కుండపోత వానల్లో, వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోండి, ట్యాంకు పడవలో వదిలేయకుండా ఇంటికి తెచ్చి నీడన పెట్టండి. పడవ మీద ట్యాంకుకూ ఇంజినుకూ మధ్య నీళ్ళు వేరుచేసే ఫిల్టరు ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది, అడుగున గిన్నె పారదర్శకంగా ఉండేది తీసుకో, రోజూ పొద్దున ఒక్క చూపు చూస్తే తెలుస్తుంది.

భీములవారిపాలెం పడవ

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. ఈ ఆదివారం వాకాడు అన్న చెప్పినట్టు పారదర్శకమైన పైపు ముక్క పెట్టి చూశాం. ఫుల్ మీద బుడగలు వరసగా వస్తున్నాయి. కనెక్టరు ఓ-రింగు తీస్తే చేతిలోనే రెండు ముక్కలైంది. అది మార్చాం, పైపు కూడా విప్పి టార్చి వేస్తే బల్బు దగ్గర లోపలి పొర కొంచెం లేచి ఉంది, అందుకని పైపు, బల్బు, రెండు కనెక్టర్లు కలిపి ఒకే సెట్టు చెన్నై నుంచి తెప్పించాం. ట్యాంకు అడుగున జల్లెడ తీసి కడిగితే నల్లటి రబ్బరు తునకలు వచ్చాయి, అవి పాత పైపువే. గాజు సీసాలో పెట్రోలు పెట్టి చూశాం, విడిపోలేదు, బాగానే ఉంది. మొత్తం ఖర్చు బోరు పనికి అడిగిన దాంట్లో ఐదో వంతు కూడా కాలేదు.

నిన్న నిండు ట్యాంకుతో రేవు నుంచి ఇరకం, అక్కణ్ణుంచి మళ్ళీ రేవు, మొత్తం ఫుల్ మీద. ఒక్క దగ్గు లేదు. ఇంజినును చల్లబరిచి వెనక బయటికి వచ్చే నీళ్ళ ధార కూడా సరిగ్గా పడుతోంది. మామ ఇప్పుడు బయల్దేరేముందు గాలి స్క్రూ తిప్పి, మూత దగ్గర చెవి పెట్టి, బల్బు నిలువుగా పట్టుకుని నొక్కుతున్నాడు, పక్క పడవల వాళ్ళకు కూడా నేర్పుతున్నాడు. రెండో ట్యాంకు చిన్నది, ఐదు లీటర్లది, వేరే పైపుతో పడవలో ఎప్పుడూ ఉంచుతున్నాం, గెడ, లంగరు ఎట్లాగూ ఉంటాయి.

జ్వరంతో వచ్చిన ఆ పాప ఇప్పుడు బాగుంది. శనివారం అదే పడవలో అమ్మతో కలిసి బడి పుస్తకాలు కొనుక్కోవడానికి వచ్చింది.

వాకాడు అన్నా, నీళ్ళు వేరుచేసే ఫిల్టరు మా 15 హెచ్‌పీకి ఎంత సైజుది పెట్టాలో, నెల్లూరులో దొరుకుతుందో లేక దానికీ చెన్నై పోవాలో చెప్పండి, వచ్చే వారం తెచ్చుకుంటాను.

వాకాడు వల

నెల్లూరులో దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టు తమ్ముడూ, మా బోటుకు తెచ్చిన దాంట్లో ఒకటి ఎక్కువ ఉంది. తెచ్చుకునేటప్పుడు మీ పైపు లోపలి రంధ్రం కొలిచి రా, ఫిల్టరు మూతిలో పెట్టే నాజిల్ అంతే ఉండాలి, సన్నది పెడితే మళ్ళీ మొదటికొస్తుంది.